పేము ఉయ్యాలకు ఎండ పరీక్ష

భీమశంకరం గారు కింద పడకపోయి ఉంటే, ఇందుమతి ఉయ్యాల కొన్న సాయంత్రమే బాల్కనీలో వేలాడేది. కానీ ఆయన పడ్డారు. మామూలు మనిషి పడితే నడుముకి మందు రాసుకుని, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఊరుకుంటాడు. భీమశంకరం గారు ఇంజనీరింగు కొలువులో పెద్ద హోదాకు చేరి రిటైరైన మనిషి. పైగా మందార ఎన్‌క్లేవ్ అపార్టుమెంటు సంఘానికి అధ్యక్షులు. అటువంటివారు పడితే దాన్ని పడటం అనరు. విధాన లోపం అంటారు.

జరిగింది ఇది. మూడో అంతస్తులో ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతం చేసుకున్నారు. అధ్యక్షులవారు ప్రసాదం పట్టుకుని బాల్కనీలోకి వెళ్ళి, అక్కడున్న తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నారు. ఆ కుర్చీ ఎన్నో వేసవులుగా అక్కడే ఎండుతోంది. గుంటూరు ఎండకి ఎండేది మిరపకాయ ఒక్కటే కాదు గదా. కాలు పటుక్కుమంది. ప్రసాదం ఒళ్ళో, అధ్యక్షులవారు నేల మీద. ఇంటావిడ హడలిపోయి చేతులు జోడిస్తుంటే, ఆయన లేచే ప్రయత్నం కూడా చేయకుండా, విరిగిన కుర్చీ కాలుని చేతిలోకి తీసుకుని గోటితో గీరి చూశారు.

"ఇందులో మీ తప్పేం లేదమ్మా. ఆరుబయలు వస్తువుల విషయంలో మనకి ఒక విధానం లేదు," అన్నారు.

విధానం ఆ ఆదివారమే వచ్చింది. సంఘం కార్యదర్శి పానకాలరావు గారు తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసిన మనిషి. ఎవరైనా తుమ్మితే దాన్ని కూడా తీర్మానంగా రాయగలరు. ఆయన లేచి నిలబడి చదివింది ఏమిటంటే: బాల్కనీ అనగా ఆరుబయలు. ఆరుబయలునందు ఉంచదలచిన ప్రతి వస్తువూ ముందుగా మేడ మీద రోహిణి కార్తె ఎండనూ, తదుపరి వాననూ తట్టుకుని యోగ్యతాపత్రం పొందవలెను. అమ్మినవాడి హామీ చెల్లనేరదు. కంపెనీవాడి గ్యారంటీ అసలే చెల్లనేరదు. ఎవరో వెనకనుంచి కంపెనీవాళ్ళు అన్నీ పరీక్ష చేసే అమ్ముతారు కదా అన్నారట. "కంపెనీవాడు గుంటూరు రోహిణి చూశాడా?" అని అధ్యక్షులవారు అడిగారు. చూశాడని ఎవరూ పూచీపడలేకపోయారు.

ఇదంతా ఇందుమతి కాపురానికి రాకముందు జరిగింది. ఆమెకేమీ తెలియదు. ఆమెకి తెలిసిందల్లా తనకి పెళ్ళయిందనీ, అది చాలా బాగుందనీ. బాటనీ డిగ్రీ చదివిన పిల్ల. అయినా ఒకే గ్లాసులో రెండు పళ్ళ బ్రష్షులు పక్కపక్కన నిలబడి ఉంటే చూసి నవ్వుకునేది. భర్త శశిధర్ ఆఫీసు నుంచి వస్తూ కొత్తిమీర కట్ట మర్చిపోకుండా తెస్తే, ఆ పూటంతా పాట పాడుకునేది. లోటల్లా ఒకటే. ఇద్దరూ కలిసి కూర్చోడానికి ఆ ఇంట్లో చోటు లేదు.

ఉన్నది ఒక పడకగది, ఒక హాలు. పడకగదిది పడమటి గోడ, సాయంత్రానికి ఇటుకబట్టీలా కాగేది. చల్లగా ఉండే హాలు శశిధర్ వాళ్ళ నాయనమ్మ సుబ్బాయమ్మది. కూలరు ముందు మంచం, మంచానికి ఎదురుగా టీవీ. సాయంత్రం మొదలైన సీరియళ్ళు ఒకదాని కొంగు పట్టుకుని ఒకటి వచ్చేవి. మధ్యలో ఇందుమతి ఏదైనా మాట్లాడబోతే ఆవిడ చెయ్యెత్తి ఆపేది. "ఉండవే అమ్మాయ్, ఆ ముదనష్టపుది పాలల్లో ఏదో కలపతంది," అనేది. టీవీలో ఆ ముదనష్టపుది రోజూ ఏదో ఒకటి కలుపుతూనే ఉండేది. శశిధర్, ఇందుమతి చెరో గోడకీ ఆనుకుని, టీ తాగుతూ, ఒకరినొకరు చూసుకుంటూ ఉండేవాళ్ళు. పెళ్ళయ్యాక వాళ్ళు మనసు విప్పి మాట్లాడుకున్న చోటు లిఫ్టు ఒక్కటే. అదీ రెండో అంతస్తు దాకానే.

మిగిలింది బాల్కనీ. తూర్పు వైపు, పొద్దు వాలేసరికి గాలి. చీపురు, పాత బకెట్టు తప్ప ఏమీ లేవు. ఒకరోజు ఇందుమతి వాటిని తీసేసి, చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, ఆ గచ్చు మీద నిలబడి కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచేసరికి అక్కడ ఏమేం ఉండాలో ఆమెకి తెలిసిపోయింది. కింద కొబ్బరిపీచు చాప. ఎండ ఆపడానికి వెదురు తెర. మూల మల్లె కుండీ. మధ్యలో ఉయ్యాల.

ఉయ్యాల కొనడానికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. కొట్టులో వరసగా ఉయ్యాలలు వేలాడుతుంటే, ఇందుమతి ప్రతిదాంట్లోనూ కూర్చుని చూసింది. ఇనుముది గట్టిది కానీ చెయ్యి వేస్తే అప్పుడే వేడి. ప్లాస్టిక్ అల్లికది వానకీ ఎండకీ ఢోకా లేదని కొట్టు యజమాని అన్నాడు. ఆమె గోటితో మీటి చూసి, ఇది మాట్లాడటం లేదంది. చివర్లో ఉన్న పేము ఉయ్యాలలో కూర్చుంటే కిర్రుమంది. దిగి మళ్ళీ కూర్చుంది. మళ్ళీ కిర్రుమంది. ఆమె మొహం వెలిగిపోయింది. యజమాని నిజాయితీపరుడు. అది ఒకరికి ఎక్కువ, ఇద్దరికి తక్కువ అవుతుందనీ, ఇద్దరూ విశాలంగా కూర్చునే రకం లోపల ఉందనీ చెప్పాడు. శశిధర్ చెవులు ఎర్రబడ్డాయి. "విశాలంగా వద్దులెండి," అన్నాడు.

ఆటోలో ఉయ్యాలని ఒళ్ళో పెట్టుకున్నట్టుగా తెచ్చారు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆపి, బాల్కనీకా లోపలికా అని అడిగాడు. బాల్కనీకి అని ఇందుమతి గర్వంగా చెప్పింది. అయితే మేడ మీదికి అంటూ అతను దాన్ని ఎత్తుకుని, వాళ్ళ అంతస్తు దాటించి పైకి తీసుకుపోయాడు.

ఇందుమతి ఆ కాళ్ళతోనే అధ్యక్షులవారి ఇంటికి వెళ్ళింది. అంకుల్, అది పేము, అడవిలో పెరిగిన తీగ, ఎండా వానా దానికి కొత్త కాదు అని బాటనీ అంతా ఉపయోగించి చెప్పింది. ఆయన ఆసాంతం విన్నారు.

"అడవిలో తీగకి ప్రాణం ఉంది తల్లీ. ప్రాణం పోయాక దాని ప్రవర్తన ఎలా ఉంటుందో మన దగ్గర సమాచారం లేదు," అన్నారు.

"రోహిణి వచ్చేదాకా ఆగాలా అంకుల్?"

"రోహిణిని ముందుకు జరిపే అధికారం సంఘానికి లేదమ్మా. ఉంటే తప్పక పరిశీలించేవాళ్ళం."

ఆగారు. ఆగుతున్నకొద్దీ మేడ నిండింది. మందార ఎన్‌క్లేవ్‌లో అంతమందికి అన్ని సరదాలు ఉన్నాయని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. టేకు బల్లలు, మడత కుర్చీలు, పచ్చటి ప్లాస్టిక్ గడ్డి, గాజు బల్ల, రాతి బుద్ధుడు, రంగురంగుల కుండీలు, గాలికి గణగణమనే గొట్టాల తోరణం, వీటన్నిటి మధ్య ఇనప కమ్మీకి వేలాడుతూ పేము ఉయ్యాల. ఇందుమతి బట్టలు ఆరేసే నెపంతో రోజూ పైకి వెళ్ళి చూసేది. అంత అందమైన మేడ గుంటూరులోనే లేదు. కూర్చోడానికి మాత్రం వీల్లేదు. పరీక్షలో ఉన్న వస్తువుని ముట్టుకుంటే ఫలితం మారిపోతుందని పానకాలరావు గారు బోర్డు పెట్టించారు. ఒకసారి ఆమె ఉయ్యాలని వేలితో కొంచెం కదిపి, కిర్రుమనిపించుకుని పారిపోయి వచ్చింది. ఆ రాత్రి శశిధర్‌కి ఆ చప్పుడు నోటితో చేసి వినిపించింది.

రోహిణి వచ్చింది. వచ్చీ రావడంతోనే ప్లాస్టిక్ గడ్డి కరిగి చిన్న గుంటలో పచ్చటి ముద్దలా చేరింది. గాజు బల్ల తనంతట తాను పగిలింది. కుండీల్లో క్రోటన్లు మాడి, అనుత్తీర్ణత చెందినట్టు నమోదయ్యాయి. ఒకాయన తన సోఫా రంగు వెలిసిపోయిందని మొత్తుకుంటే, రంగు తట్టుకోలేదని ముందే తెలిసిపోయింది కదా, బాల్కనీలో వెలిసి ఉంటే ఎంత నష్టపోయేవారో ఆలోచించుకోండి అని పానకాలరావు గారు ఓదార్చారు. ఆయన ఆలోచించుకుంటూ దిగిపోయాడు.

తరవాత వాన పరీక్ష. నైరుతి ఇంకా కేరళలోనే ఉంది. నిబంధనలో వాన అని ఉందే గానీ, దేవుడి వాన అని లేదని అధ్యక్షులవారు గుర్తించారు. అప్పటికే బోర్లు ఎండి, ఇంటికిన్ని బిందెలని కొలిచి పోస్తున్నారు. ఆ పూట వచ్చిన నీళ్ళ ట్యాంకరుకి పైపు తగిలించి, సోఫాల మీదా బల్లల మీదా రాతి బుద్ధుడి మీదా తనివితీరా కొట్టించారు. ఆడవాళ్ళు ఖాళీ బిందెలు చంకన పెట్టుకుని, తమ కుర్చీలు తడుస్తున్నాయో లేదో చూసుకున్నారు. నీళ్ళు తక్కువైన మూల ఉన్నావిడ తన బల్లకి సరిగా వాన పడలేదని తగాదా పెట్టుకుని ఇంకో విడత కొట్టించుకుంది.

ఇంత జరిగాక నిలిచినవి కొద్ది. ఇందుమతి ఉయ్యాల నిలిచింది. తెల్లబోయి, ఒకటి రెండు చోట్ల పీచు లేచి, ముసలిదానిలా ఉంది. కానీ నిలిచింది. ఆమె సంబరపడి విప్పుకుపోబోతుంటే అధ్యక్షులవారు చెయ్యెత్తారు.

"నేను పడిన నాడు కుర్చీ ఒక్కటే లేదు. కుర్చీలో నేను కూడా ఉన్నాను. ఖాళీ వస్తువుకి చేసిన పరీక్ష సగం పరీక్ష."

అది కాదనలేని మాట. కనుక మర్నాడు మిట్టమధ్యాహ్నం బరువు పరీక్ష. ఎవరి వస్తువులో వాళ్ళే కూర్చోవాలి. మొదటి పేరు ఉయ్యాలది.

ఇందుమతి, శశిధర్ సంఘం మొత్తం ఎదుట ఆ ఉయ్యాలలో ఇరుక్కుని కూర్చున్నారు. ఎన్నాళ్ళుగానో ఆమె కలగన్న క్షణం అదే. కలలో మాత్రం టేపు పట్టుకుని ఉయ్యాల ఎంత కిందికి దిగిందో కొలిచే పానకాలరావు గారు లేరు. ఆయన కొలిచి, "దంపతుల భారం వల్ల జారుడు స్వల్పం," అని ప్రకటించారు. తరవాత, సాధారణంగా ఇందులో కూర్చుని ఏం చేస్తారని అడిగారు. శశిధర్ గొంతు సవరించుకుని, మాట్లాడుకుంటామని చెప్పాడు.

"అయితే మాట్లాడుకోండి. వాడకం వాస్తవానికి దగ్గరగా ఉండాలి," అన్నారు అధ్యక్షులవారు.

అందరూ వినడానికి ఓ అడుగు ముందుకు జరిగారు. ఇందుమతికి చెప్పాల్సినవి గంపెడున్నాయి. ఒక్కటీ నోటికి రాలేదు.

"ఎండగా ఉంది కదూ," అన్నాడు శశిధర్.

"అవునండీ," అంది ఇందుమతి.

ఇంకాసేపటికి శశిధర్ మెల్లగా ఆమె భుజం మీద తల వాల్చాడు. ఆడవాళ్ళు మొహమాటపడి పక్కకి తిరిగారు. మగవాళ్ళు ఆకాశం చూశారు. కొత్త జంట కదా అని ఎవరో సర్దిచెప్పారు. ఇందుమతి సిగ్గుతో తల వంచుకుంది. వంచుకున్నాక గానీ అతని కళ్ళు తేలిపోయి ఉన్నాయని చూడలేదు. నలుగురూ మోసుకుపోయి నీడలో పడుకోబెట్టి మజ్జిగ పట్టించారు.

అధ్యక్షులవారు మాత్రం కదల్లేదు. ఖాళీ అయిన ఉయ్యాల ముందు ఏదో కొత్త విషయం కనిపెట్టినవాడిలా నిలబడిపోయారు.

"ఉయ్యాల నిలిచింది. మనిషి నిలవలేదు," అన్నారు నెమ్మదిగా. "ఆరుబయలునందు ఉంచదలచిన ప్రతిదీ అన్నాం. బాల్కనీలో మనిషి కూడా ఉంటాడు కదా పానకాలరావు గారూ."

"ఉంటాడండి," అన్నారు పానకాలరావు గారు. ఆయన కలం అప్పటికే చేతిలో ఉంది.

అలా మనుషుల పరీక్ష మొదలైంది. ఎండలో నిలిచినవారికే బాల్కనీ ప్రవేశం. తక్కినవారు బాల్కనీని లోపలినుంచి చూడవచ్చు. చదువుకున్నవాళ్ళు, ఏసీ గదుల్లో ఉద్యోగాలు చేసేవాళ్ళు, పొద్దున్నే పరుగులు తీసేవాళ్ళు అందరూ మేడ ఎక్కారు, అందరూ తలలు పట్టుకుని దిగారు. ఇందుమతి పట్టుదలగా కూర్చుంది. ముక్కు నుంచి రక్తం వచ్చేసరికి శశిధర్ బతిమాలి దించుకుపోయాడు. ఇద్దరి పేర్లూ అనర్హుల్లో చేరాయి. ఆ సాయంత్రం ఇందుమతి పడకగది ఇటుకబట్టీలో కూర్చుని, పెళ్ళయ్యాక మొదటిసారి ఏడ్చింది. ఉయ్యాల వస్తుంది, తనకే దారి లేదు. వాచ్‌మన్ చూడనప్పుడు వెళ్ళి కూర్చుందామని శశిధర్ అన్నాడు. బాల్కనీ అంటేనే వీధి మొత్తానికి కనపడేదని ఆమె గుర్తుచేసింది.

అధ్యక్షులవారు తనని తాను మినహాయించుకునే రకం కాదు. ఆయనా పరీక్షకి వచ్చారు. గొడుగు వేసుకుని కూర్చున్నారు. పానకాలరావు గారు రెండు చేతులూ నలుపుకుంటూ దగ్గరికి వెళ్ళి, గొడుగు ప్రత్యేక వస్తువు కిందికి వస్తుందనీ, దానికి ఇంకా యోగ్యతాపత్రం లేదనీ మనవి చేశారు. అధ్యక్షులవారు ఆయన వంక మెచ్చుకోలుగా చూసి, గొడుగు ముడిచేశారు. కొద్దిసేపటికి ఆయన మొహం పండుమిరప రంగుకి తిరిగింది. కిందికి మోసుకొచ్చాక, తన అనర్హతాపత్రం మీద తానే సంతకం పెట్టుకున్నారు. విధానం సరిగ్గా పనిచేస్తోందని అప్పుడు కూడా అన్నారు.

ఇంతలో సుబ్బాయమ్మ మేడ మీదికి వచ్చింది.

పరీక్ష సంగతి ఆవిడకి పట్టలేదు. ఏటా రోహిణిలో చల్లమిరపకాయలు ఎండబెట్టుకోవడం ఆవిడకి అలవాటు. బాల్కనీలో ఏదీ పెట్టకూడదని మనవడు చెప్పడంతో, నానిన మిరపకాయల పళ్ళెం పట్టుకుని లిఫ్టెక్కింది. మేడ నిండా కుర్చీలూ బల్లలూ చూసి, ఇక్కడెవడిదో పెళ్ళిలాగుందని గొణుక్కుంటూ, రాతి బుద్ధుడిని కొద్దిగా పక్కకి జరిపి చాప పరిచింది. మిరపకాయలు ఆరబోసి, కాకులు రాకుండా పక్కనే కర్ర పట్టుకుని గచ్చు మీద చతికిలబడింది. తలమీద కొంగు కూడా సరిగా లేదు. సంఘంవాళ్ళు నీడలో నిలబడి చూస్తున్నారు. ఎండ నడినెత్తికి వచ్చింది, పక్కకి వాలింది. ఆవిడ కునుకు తీసింది, లేచింది, ఒక కాకిని బూతులు తిట్టింది.

పానకాలరావు గారు గొంతు తగ్గించి, గౌరవంగా అడిగారు. "మామ్మగారూ, మీకు ఎండగా లేదాండీ?"

"ఎండాకాలం ఎండగాక వెన్నెలుంటదా ఏందయ్యా? మిరప కల్లాల్లో కావలి కాసినదాన్ని. అప్పుడు మా నెత్తిన ఈ మాత్రం డాబా నీడ కూడా లేదు."

డాబా ఆవిడ కింద ఉంది, నెత్తిన లేదు. ఆ సంగతి ఎవరూ ఎత్తలేదు. వాన పరీక్ష కోసం వాచ్‌మన్ పైపు తిప్పితే, మిరపకాయలు తడిశాయని ఆవిడ కర్ర పట్టుకుని అతన్ని మెట్ల దాకా తరిమింది. అది ఉత్తీర్ణతగా పరిగణించారు.

మందార ఎన్‌క్లేవ్ మొత్తానికి బాల్కనీలో కూర్చునే అర్హత గల మనిషి ఒక్కరే తేలారు. చేతికి యోగ్యతాపత్రం ఇస్తే, ఇది చూపిస్తే ఏమిస్తారని ఆవిడ అడిగింది. నెగ్గిన కుర్చీలు బల్లలు ఉన్నవాళ్ళు మరునాటి నుంచే వచ్చి పడ్డారు. వాడకంలో లేని వస్తువులు తిరిగి మేడెక్కించాలని నిబంధన. కనుక మామ్మగారు తమ బాల్కనీలో కూడా కాసేపు కూర్చుని పోవాలి. పానకాలరావు గారు దీన్ని డిప్యుటేషన్ అన్నారు. "నేనేమన్నా దిష్టిబొమ్మనా, ఊరందరి అరుగుల మీదా నిలబడటానికి," అని ఆవిడ గదమాయించి పంపేసింది.

ఉయ్యాల కిందికి దిగింది. వాచ్‌మన్ కొక్కెం బిగించి, అర్హులు కూర్చోవచ్చని చెప్పి వెళ్ళాడు. ఇందుమతి గుమ్మం లోపల, గడప ఇవతల నిలబడి చూసింది. కొబ్బరిపీచు చాప పరిచి ఉంది. తూర్పు గాలికి ఉయ్యాల ఖాళీగా, కొంచెం కొంచెంగా కదులుతోంది. ఆమె కాలు గడప దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. అయినా, వస్తువు వాడకపోతే అది కూడా తీసుకుపోతారు. అందుకని వెనక్కి తిరిగి, నాయనమ్మా, ఒక్కసారి కూర్చోరా అని అడిగింది.

"నాకెందుకే ఆ ఊగుడు? సీరియలు టైమయింది," అంది సుబ్బాయమ్మ.

శశిధర్ చెయ్యి పట్టుకుని లేపాడు. ఆవిడ గొణుగుతూ వెళ్ళి, ఉయ్యాల అంచున కోడి గూటిలో కూర్చున్నట్టు కూర్చుని, కాళ్ళు నేలకి ఆనించి పెట్టుకుంది. కింద వీధి ఆ వేళకి మేలుకుంటోంది. పుచ్చకాయల బండివాడితో ఒకావిడ కాయ కోసి చూపించమని పోట్లాడుతోంది. ఎదురు మేడలో మొగుడి మీద అలిగిన పిల్ల సూట్‌కేసు గేటు దాకా తెచ్చి, మళ్ళీ లోపలికి తీసుకుపోయి, మళ్ళీ తెచ్చింది. సుబ్బాయమ్మ కాలు నేల మీంచి లేచింది. ఉయ్యాల కిర్రుమంది.

"ఏమ్మోయ్, ఆడు కోసినా ఎర్రగా ఉండదు, పక్క బండి కాయ తీసుకో," అని పైనుంచి కేకేసింది. కిందావిడ తలెత్తి చూసి, సరే మామ్మగారూ అంది. సుబ్బాయమ్మ ఉయ్యాలలో వెనక్కి జారగిలబడింది.

లోపల టీవీలో ముదనష్టపుది పాలల్లో ఏదో కలుపుతోంది. చూసేవాళ్ళు లేరు. శశిధర్ రిమోటు అందుకుని ఆపేశాడు. కాపురానికి వచ్చాక ఇందుమతి ఆ హాలు నిశ్శబ్దంగా ఉండగా వినడం అదే మొదలు. కూలరు చల్లగా తిరుగుతోంది. ఎదురుగా మంచం ఖాళీగా ఉంది. నవారు మధ్యకి కుంగి ఉంది. దాంట్లో ఎవరు ఎక్కడ కూర్చున్నా మధ్యకి జారాల్సిందే.

ఆమె రెండు టీలు తెచ్చింది. కూర్చున్నారు. జారారు. ఇన్ని నెలల మాటలూ ఒక్కసారిగా వచ్చాయి. ఒకరు చెబుతుంటే ఇంకొకరు మధ్యలో అందుకుని, దేనికో ఇద్దరూ నవ్వి, టీ ఒలకబోసుకున్నారు.

బాల్కనీలోంచి కేక వినిపించింది.

"ఒరే శశీ, ఆ తలుపు వేసుకోండిరా. మీ నవ్వులకి నాకు వీధి వినపడట్లా."